వరద తీసిన కెమెరాలు బురద ఎందుకు తియ్యవు?

మోరంచపల్లి అనగానే మీకేం గుర్తొస్తుంది? ఇళ్ళ కప్పుల మీద జనం, చుట్టూ ఎర్రటి నీళ్ళు, బోట్లు. అంతే కదా. పరకాల నుంచి భూపాలపల్లి పోయే రోడ్డు మీదుండే ఆ ఊరిని 2023 జూలై 27 తెల్లవారుజామున మోరంచవాగు ముంచింది. నలుగురు కొట్టుకుపోయారు. ఆ ఒక్క రోజు బొమ్మ రాష్ట్రమంతా చూసింది. మరి దాని తర్వాతి బొమ్మ ఏది? నెల తర్వాతది? తర్వాతి సంక్రాంతి నాటిది? గోడ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో, ఆ మరక మీద సున్నం ఎప్పుడు పడిందో చూపించే బొమ్మ? ఊరి పేరు కొట్టి వెతికినప్పుడల్లా నాకు మాత్రం అవే బోట్లు కనబడుతున్నాయి. నెట్‌లో ఆ ఊరు ఇంకా మునిగే ఉంది.

ఆ రోజు కెమెరాలు ఎందుకొచ్చాయి అని నేను అడగట్లేదు. రావాల్సిందే. ఆ 24 గంటల్లో పక్కనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు, భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్ల వాన పడింది. అంతకు ముందు తెలంగాణ రికార్డు 2013 జూలైలో వాజేడులో పడ్డ 517.5. ఏటూరునాగారం మండలం కొండాయిలో జంపన్నవాగు ఎనిమిది మందిని మింగింది. ఇంత జరిగితే చూపించకుండా ఎలా ఉంటారు? కానీ ఒక సంగతి గమనించండి. వానను దశాంశం తర్వాత అంకె దాకా కొలిచాం. ఆ వాన వెలిశాక ఎవరింట్లో ఎన్ని రోజులకు పొయ్యి వెలిగిందో, ఏ పొలంలో ఎన్నో పంటకు నాట్లు పడ్డాయో కొలిచే గేజి మాత్రం ఎక్కడా పెట్టలేదు.

నా వాదన చాలా చిన్నది. విపత్తు జరిగిన చోటికి మళ్ళీ మళ్ళీ పోవాలి. అదే చోట నిలబడి, అదే దిక్కు చూస్తూ తీయాలి. నెలకో, మూడు నెలలకో, ఐదేళ్ళ పాటు. ఇది కళ కాదు, సేవ అంతకన్నా కాదు. లెక్క. ఈ లెక్క ఎవరికీ అక్కర్లేకుండా పోవడమే నా కోపం.

మా జనగామ పక్కకు రండి. ఇక్కడ విపత్తుకు మొదటి రోజు అంటూ ఉండదు. కరువు ఫలానా తెల్లవారుజామున నాలుగింటికి ఊరి మీద పడదు. బోరు ఒక ఇంచు పోస్తుంది, అర ఇంచు పోస్తుంది, తర్వాత గాలి పోస్తుంది. బచ్చన్నపేట వైపు పుట్టినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. అలాంటి కరువుకు కూడా కెమెరాలు రావాలంటే ఒక పెద్దమనిషి రావాలి. 2024 మార్చి 31న ప్రతిపక్ష నేతగా కేసీఆర్ దేవరుప్పుల మండలం ధరావత్ తండాకు వచ్చి ఎండిన వరి చూశారు. ఆ రోజు ఆ మడికట్ల మీద ఎంతమంది నిలబడ్డారో! సరిగ్గా అయిదు నెలలకు, వంద కిలోమీటర్ల లోపే, మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలం సీతారాం తండాను ఆకేరు వాగు ముంచింది. జనం డాబాలెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. సెప్టెంబరు 3న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అక్కడికొచ్చారు, ఇందిరమ్మ ఇళ్ళు కట్టిస్తామన్నారు. మళ్ళీ అన్నే కెమెరాలు.

ఒకే ఏడాది. రెండు తండాలు. ఒకటి నీళ్ళు లేక, ఒకటి నీళ్ళు ఎక్కువై. ఇద్దరు పెద్ద నాయకులు. (రెండు పార్టీల అభిమానులూ నా మీద పడొచ్చు, మొహమాటం వద్దు.) ఇప్పుడు చెప్పండి, 2025 మార్చి 31న ధరావత్ తండా మడిలో ఎంతమంది నిలబడ్డారు? 2025 సెప్టెంబరు 3న సీతారాం తండాలో? నాయకుడి కాన్వాయ్ వెనక్కి తిరిగినప్పుడు కెమెరా కూడా ఎందుకు తిరగాలి? కెమెరా కాన్వాయ్‌లో బండి కాదు కదా!

కోలుకోవడాన్ని కొలవడం మనకు చేతకాదు అనుకుంటే పొరపాటు. బ్రహ్మాండంగా చేతనవును. ఆకేరు పొంగిన ఆ రాత్రే, అంటే 2024 ఆగస్టు 31 రాత్రి, ఇంటికన్నె - కేసముద్రం మధ్య రైలు కట్ట కొట్టుకుపోయింది. పట్టాలు గాల్లో వేలాడాయి. విజయవాడ లైను మొత్తం ఆగిపోయింది. మరి రైల్వే వాళ్ళు ఏం చేశారు? రాత్రింబవళ్ళు కంకర, ఇసుక బస్తాలు, యంత్రాలు. సెప్టెంబరు 4కల్లా ఒక లైను మీద బండి నడిపారు. అక్కడితో అయిపోలేదు. అలాంటి చోట కొత్త కట్ట మీద మొదట బండి మెల్లగా పోవాలని డ్రైవరుకు కాషన్ ఆర్డరు ఇస్తారు. కట్ట గట్టిపడే కొద్దీ ఆ వేగం పెంచుకుంటూ పోతారు. ఫలానా కిలోమీటరు రాయి దగ్గర ఈరోజు ఇంత వేగం అని కాయితం మీద ఉంటుంది. కోలుకోవడం అంటే అది. ఒక అంకె, ఒక తేదీ, ఒక కిలోమీటరు రాయి.

అదే పట్టాల పక్కన ఉన్న పొలానికి కాషన్ ఆర్డరు ఎవరిస్తారు? ఈ రైతు ఇంకా గంటకు పది కిలోమీటర్ల వేగంతోనే నడుస్తున్నాడు, అప్పులవాళ్ళు కాస్త ఆగండి అని ఏ స్టేషన్ మాస్టరు చెప్తాడు?

ఇంకో ఉదాహరణ. ఇది కూడా భూపాలపల్లి జిల్లాదే. 2023 అక్టోబరు 21న మహదేవ్‌పూర్ మండలంలో మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. ఆ పిల్లర్ల అదృష్టం చూడండి. 2024 ఫిబ్రవరి 13న ముఖ్యమంత్రి ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని పోయి చూపించారు. మార్చి 1న బీఆర్ఎస్ వాళ్ళు వాళ్ళ బస్సుల్లో పోయి చూశారు. జాతీయ డ్యామ్ సేఫ్టీ అథారిటీ వాళ్ళు వచ్చారు, జస్టిస్ ఘోష్ కమిషన్ విచారించి 2025 జూలై 31న నివేదిక ఇచ్చింది. ఆ పగులు ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది, వానాకాలం తర్వాత ఎలా ఉంది, అన్నిటికీ ఫోటోలున్నాయి. మేడిగడ్డలో లక్షల క్యూసెక్కుల రాజకీయం ఉంది కాబట్టి. మేడిగడ్డను అన్నిసార్లు తీయొద్దనడం లేదు. తీయండి, ఇంకా తీయండి. అంత దూరం పోయిన బస్సులు తిరుగు దారిలో మోరంచపల్లి దగ్గర పది నిమిషాలు ఆగితే ఏం పోయింది అంటున్నా.

పేపర్లో పనిచేసే నా దోస్తు ఒకడున్నాడు. మండల కంట్రిబ్యూటరు. వాణ్ణి ఇదే అడిగా. "అన్నా, వరదొచ్చిన రోజు నేను పంపిన ఫోటో మెయిన్ పేజీలో వచ్చింది. నెల తర్వాత అదే ఇంటి ఫోటో పంపితే డెస్కు నుంచి ఫోన్, 'ఇందులో కొత్త ఏముంది?' అని. ఏడాదికి మాత్రం వాళ్ళే అడుగుతారు, 'ఏడాది అయింది కదా, ఓ ఐటమ్ కొట్టు' అని. నేను పోయి ఆ ఏడ్చే ముసలమ్మ దగ్గరే మళ్ళీ కూచుంటా" అన్నాడు. వాడి తప్పేం లేదు. రాసిన వార్త అచ్చయితేనే వాడికి పైసలు. పెట్రోలు ఖర్చు కూడా వాడిదే. కానీ ఆ డెస్కు ప్రశ్న చూడండి. 'కొత్త ఏముంది?' ఇల్లు నెల రోజులైనా అలాగే ఉంది అన్నదే కదరా నాయనా కొత్త!

మా పనిలో సర్వరు పడిపోతే ఏం చేస్తామో చెప్తా. అర్ధరాత్రి లేచి దాన్ని పైకి లేపగానే ఎవరూ ఇంటికి పోరు. గ్రాఫు చూస్తూ కూచుంటాం. రెస్పాన్స్ టైము పాత గీత మీదికి వచ్చిందా, మళ్ళీ జారుతోందా, ఫలానా టైముకి మెమరీ ఎంత తింటోంది అని. ఆ గ్రాఫు లేకుండా "అంతా బాగుంది" అని టికెట్ మూసేసినవాణ్ణి మేనేజరు బతకనివ్వడు. మరి ప్రభుత్వం ఎలా మూస్తుంది? ముంపుకు గురైన ఇంటికి 16,500, పంట పోయిన ఎకరాకు 10,000. డబ్బు ఖాతాలో పడ్డ రోజు టికెట్ క్లోజ్. ఇచ్చారు, సంతోషం, ఇవ్వకపోవడం కన్నా వెయ్యి రెట్లు నయం. కానీ ఇచ్చిన తేదీ వేరు, కోలుకున్న తేదీ వేరు. మన దగ్గర మొదటిది ఒక్కటే ఫైల్లో ఉంటుంది.

పోనీ ఫోటోలు తీసే వ్యవస్థ లేదా అంటే, అదీ ఉంది. ఒళ్ళు మండేది ఇక్కడే. ఇందిరమ్మ ఇల్లు మంజూరైనవాళ్ళకు అయిదు లక్షలు ఒకేసారి ఇవ్వరు. బేస్‌మెంటుకు కొంత, గోడలకు కొంత, స్లాబుకు కొంత, అంతా అయ్యాక మిగతాది. ప్రతి దశలో ఫోటో తీసి, ఏ అక్షాంశం ఏ రేఖాంశం దగ్గర తీశారో దానితో సహా యాప్‌లోకి ఎక్కిస్తేనే డబ్బు కదులుతుంది. ఉపాధి హామీ పనుల్లో 2017 నవంబరు నుంచి పనికి ముందు ఒకటి, మధ్యలో ఒకటి, అయ్యాక ఒకటి, మూడు ఫోటోలు తీసి మ్యాపు మీద పెట్టారు. కూలీలు వచ్చారో లేదో చూడ్డానికి రోజుకు రెండుసార్లు గుంపు ఫోటో తీశారు. అంటే పేదవాడు అబద్ధమాడతాడేమో అన్న అనుమానం వస్తే అదే చోటికి మూడుసార్లు పోయి ఫోటో తీయడం ప్రభుత్వానికి బాగా వచ్చు. ప్రభుత్వం ఇచ్చిన మాట నిలబెట్టుకుందా అని చూడ్డానికి మాత్రం ఆ యాప్ పనిచేయదు. సిగ్నల్ ఉండదు కాబోలు.

ఇసుక మేటల సంగతి చెప్పాలి. వరద కథలో అన్నిటికన్నా తక్కువ కనబడే ముక్క ఇది. వాగు పొంగి పొలం మీదుగా పోతే పంట పోతుంది, అది అందరికీ కనబడుతుంది. నీళ్ళు తీశాక పొలంలో ఇసుక మేట వేసి ఉంటుంది. కొన్ని చోట్ల జానెడు, కొన్ని చోట్ల మోకాలి లోతు. దాన్ని జేసీబీతో ఎత్తి ట్రాక్టర్లతో బయటికి తోలితే తప్ప నాగలి దిగదు. తీసిన ఇసుక ఎక్కడ పోయాలో ఇంకో తంటా. కేంద్రం 2022-26 కాలానికి పెట్టిన విపత్తు సాయం నిబంధనల్లో దీనికీ ఒక పద్దు ఉంది. మేట మూడు అంగుళాలు దాటితే చిన్న, సన్నకారు రైతుకు హెక్టారుకు 18,000 రూపాయలు. ఎకరాకు లెక్కేస్తే ఏడు వేల మూడొందల లోపు. జేసీబీ గంట కిరాయి తెలిసినవాళ్ళెవరైనా ఈ అంకె విని నవ్వుతారు. అది పక్కన పెట్టండి. మూడు అంగుళాలు ఉందని అధికారి ధ్రువీకరించాలి. ఎప్పుడు? వరద తీసిన వారంలోనా? అప్పుడు ఆయన రోడ్డు మీదే తీరిక లేకుండా ఉంటాడు. నెల తర్వాతా? అప్పటికి రైతు అప్పు చేసి సగం తోలించేసి ఉంటాడు, లేదా గాలికి వానకు చదునై పోయి ఉంటుంది. అదే ఆ పొలం గట్టు మీద నుంచి, ఒక స్కేలు గుచ్చి, మూడో రోజు ఒకటి, పదో రోజు ఒకటి, నలభయ్యో రోజు ఒకటి బొమ్మ ఉంటే? ఎవరి నోటి మాటా అక్కర్లేదు.

ఇంకా పెద్ద చిక్కు ఉంది. 2025 అక్టోబరులో మోంథా తుపాను వచ్చింది. 29వ తేదీన డోర్నకల్ స్టేషన్లో పట్టాలు మళ్ళీ నీళ్ళలో. అదే మహబూబాబాద్ జిల్లా. ఇప్పుడు కొట్టుకుపోయిన కల్వర్టు 2024లో బాగుచేసిందా, చెయ్యకుండా మట్టి పోసి వదిలేసిందా? కూలిన గోడ అప్పుడే బీట వేసిందా, ఇప్పుడు వేసిందా? మధ్యలో బొమ్మలు లేకపోతే పాత నష్టానికి, కొత్త నష్టానికి తేడా ఎవరూ చెప్పలేరు. కాంట్రాక్టరుకు అంతకన్నా వరం ఏముంటుంది? ప్రతి వరదా ఆయన పాత పని మీద కప్పే కొత్త దుప్పటి.

ఇది నేను కనిపెట్టిన ఆలోచనేమీ కాదు లెండి. అమెరికాలో 2005లో కత్రినా తుపాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచితే స్పైక్ లీ 2006లో నాలుగు భాగాల డాక్యుమెంటరీ తీశాడు. అక్కడితో చేతులు దులుపుకోలేదు. అయిదో ఏడు, 2010లో మళ్ళీ పోయి ఇంకో డాక్యుమెంటరీ తీశాడు. జపాన్‌లో 2011 మార్చి సునామీ తర్వాత గూగుల్ వాళ్ళు స్ట్రీట్ వ్యూ కార్లను ఆ తీరమంతా తిప్పి, అదే రోడ్డు ముందెలా ఉండేది, తర్వాత ఎలా ఉంది అని పక్కపక్కన పెట్టి అదే ఏడు డిసెంబరులో జనానికి చూపించారు. మన దేశంలోనే రాకేశ్ శర్మ అనే ఆయన 2001 గుజరాత్ భూకంపం తర్వాత కచ్‌లో రెండు ఊళ్ళ వెంట పడి 'ఆఫ్టర్‌షాక్స్' తీశాడు. అందులో అసలు కథ భూకంపం కాదు. దెబ్బతిన్న ఊళ్ళ కింద లిగ్నైట్ ఉంది, ఆ భూమి గనికి కావాలి. మొదటి వారం కెమెరాకు ఆ కథ దొరకదు. సింగరేణి ఓపెన్‌కాస్టు పక్కన బతికే భూపాలపల్లి వాళ్ళకు ఆ సినిమా సబ్‌టైటిల్స్ లేకపోయినా అర్థమవుతుంది.

మనకు? 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తీసుకోండి. వేల మంది పోయారు. ఆ శవాల ఫోటోలు చూసిన తరం ఇప్పటికీ మర్చిపోలేదు. తర్వాత అక్కడ ఇళ్ళు కట్టారు, తుపాను షెల్టర్లు కట్టారు, ఉప్పుబారిన పొలాలు మళ్ళీ పండాయి. ఏది ముందు లేచింది, ఏది ఎన్నేళ్ళకు లేచింది? అది తాతల నోట్లో ఉంది, బొమ్మల్లో లేదు. తాతలు ఒక్కొక్కరే పోతున్నారు. మా పాత వరంగల్ జిల్లాకైతే కాయితాలే చెల్లాచెదురు. 2016 అక్టోబరు 11న అయిదు ముక్కలు చేశారు, 2019లో భూపాలపల్లి నుంచి ములుగును విడదీశారు. 2010లో మీ చెరువు కట్ట తెగిన ఫైలు ఏ కలెక్టరేటులో ఉందో అడిగి చూడండి, మీకు జిల్లాలన్నీ తిరిగిన పుణ్యం వస్తుంది.

సరే, దీనికి ఎదురు చెప్పేవాళ్ళు ఏమంటారో నాకు తెలుసు. చాలాసార్లు విన్నా.

"శాటిలైట్లున్నాయి కదా, మళ్ళీ ఊళ్ళమ్మట తిరగడం ఎందుకు" అని మా ఆఫీసు మేధావులు. ఉచితంగా దొరికే సెంటినెల్-2 బొమ్మల్లో ఒక చుక్క అంటే నేల మీద పది మీటర్లు. తండాలో రెండు గదుల రేకుల ఇల్లు ఆ చుక్కను నింపలేదు. పైగా శాటిలైట్‌కు పచ్చగా కనబడితే చాలు, బాగున్నట్టే. అది వరో, ఇసుక మేట మీద మొలిచిన గడ్డో మడిలో దిగి చూస్తే గానీ తెలీదు.

"పేదల దుఃఖాన్ని షూట్ చేసుకుని మీరు పేరు తెచ్చుకుంటారు" అని ఇంకొకరు. ఈ మాటకు బలం ఉంది, కాదనను. కానీ దుఃఖాన్ని తీసేది మొదటి రోజు కెమెరా. మొహం మీదికి మైకు పెట్టి "ఇప్పుడు మీకెలా అనిపిస్తోంది" అనేది అదే. నేను చెప్పే పనిలో మొహాలు అక్కర్లేదు. గోడ, గట్టు, కల్వర్టు, కరెంటు స్తంభం, బడి వాకిలి చాలు. ఇంటివాళ్ళు వద్దంటే ఆ ఇల్లు తీయొద్దు, అంతే. తీసిన ప్రతి బొమ్మకూ ఒక ప్రింటు ఆ ఇంట్లో ఇచ్చి రావాలి.

అన్నిటికన్నా నిజమైన అభ్యంతరం ఊళ్ళవాళ్ళదే. "బాగుపడ్డట్టు ఫోటో తీస్తే రావాల్సినవి ఆగిపోతయి సారూ." దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. రేకుల షెడ్డు వేసుకున్న పాపానికి 'ఇల్లు ఉంది' అని పేరు కొట్టేసే ఆఫీసులు ఉన్నన్నాళ్ళూ ఆ భయం న్యాయమే. అయితే ఒకే బొమ్మ ఉన్నప్పుడే ఆ ప్రమాదం. పది బొమ్మల వరసలో రేకుల షెడ్డు రేకుల షెడ్డుగానే కనబడుతుంది, అది పక్కా ఇల్లు కాలేదని కూడా కనబడుతుంది.

ఇంత మాట్లాడుతున్నావు, నువ్వేం చేశావు అంటారా? పెద్దగా ఏం లేదు. 2006లో ఒక మూడు మెగాపిక్సెల్ డిజిటల్ కెమెరా కొన్నా. అప్పటి నుంచి ప్రతి సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మా చెరువు మత్తడి రాయి మీద నిలబడి కట్ట వైపు ఒక ఫోటో. కెమెరా మారింది, రాయి మారలేదు. మొదట్లో ఒక తాడిచెట్టును కుడి అంచుకు పెట్టుకునేవాణ్ణి. పిడుగుపడి అది పోయింది. అప్పట్నుంచి తూము రాయి, దాని వెనకున్న గుడి గోపురం ఒకే గీతలోకి వచ్చేలా నిలబడుతున్నా. గుర్తుకు చెట్టును ఎప్పుడూ నమ్మకండి.

ఆ వరసలో నాకు దొరికింది ఇది. మిషన్ కాకతీయలో పూడిక తీసిన ఏడు కట్ట నున్నగా గుండు కొట్టినట్టుంది. రెండో ఏడు గడ్డి. మూడో ఏటికి సర్కారు తుమ్మ మళ్ళీ వచ్చేసింది, అయిదో ఏటికి కట్ట కనబడదు. శిలాఫలకం దగ్గర తీసిన ఫోటోలో తుమ్మ లేదు. ఆ ఒక్క ఫోటో చూసినవాడు చెరువు బాగైంది అంటాడు. నిన్నటి ఫోటో ఒక్కటే చూసినవాడు అసలు పనే జరగలేదు అంటాడు. ఇద్దరూ తప్పే. పని జరిగింది, తర్వాత ఎవరూ చూసుకోలేదు. ఈ మూడో మాట వరసగా తీసినవాడికే తెలుస్తుంది. కోలుకోవడం తిన్నగా పైకి పోయే గీత కాదు, మధ్యలో జారుతుంది. జారినప్పుడు చూసేవాడు ఉండాలి.

"గీ ఫోటోలు దీస్కపోయి ఏంజేస్తవ్ బిడ్డా, పైసలిస్తరా?" అని మా వాడకట్టు అవ్వ ఒకామె ప్రతిసారీ ఎగతాళి చేసేది. ఒక ఏడు వానలకు ఆమె మట్టి ఇల్లు కూలింది. అక్కడ ఇల్లు ఉండేదన్న రుజువేది అని అడిగారు. నేనిచ్చిన ప్రింట్లలో చెరువు వెనక ఆమె ఇల్లు మూడేళ్ళ పాటు కనబడుతోంది. ఆమె కొడుకు అవి పట్టుకుని ఆఫీసుకు పోయాడు. ఎన్నోసార్లు తిరిగాక కొంత వచ్చింది, అడిగినంత రాలేదు. ఆమె మాత్రం నన్ను ఎగతాళి చెయ్యడం మానలేదు. "ఇంకో దిక్కు నుంచి గూడ దీస్తే మొత్తం ఇల్లు వడు కదా" అంటుంది. నిజమే, తీస్తే బాగుండేది.

కాబట్టి ఈ పని ప్రభుత్వం మీద వదిలేస్తే కాదు. వాళ్ళను అడగాల్సింది అడగాలి. కలెక్టరేట్లు విపత్తు నష్టం జాబితా తయారు చేసినప్పుడే అందులోని ప్రతి కల్వర్టుకు, ప్రతి ముంపు వాడకు ఒక నిలబడే చోటు నిర్ణయించి, మూడు నెలలకోసారి ఫోటో బయట పెట్టాలి. యాప్ ఉంది, మనుషులున్నారు. వాళ్ళు చెయ్యకపోయినా మనం చెయ్యగలం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి డిగ్రీ కాలేజీల్లో చదివే పిల్లల జేబులో నా పాత కెమెరా కన్నా ఇరవై రెట్లు మంచి కెమెరా ఉంది. నేను ధరావత్ తండా దిక్కు చూసుకుంటా, నాకు దగ్గర. మరిపెడ, భూపాలపల్లి దగ్గరున్నవాళ్ళు ఎవరైనా సీతారాం తండా, మోరంచపల్లి తీసుకోండి. పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు బ్రిడ్జిని మర్చిపోవద్దు, ఆ రాత్రి కారుతో సహా ఒక తండ్రీ కూతురు కొట్టుకుపోయింది అక్కడే.

వానాకాలంలో ఒకటి, ఎండాకాలంలో ఒకటి తప్పనిసరి. ఏడాదికోసారి అదే తేదీకి తీస్తే ఎప్పుడూ పచ్చగానే కనబడుతుంది, మోసపోతారు. ఫ్రేములో ఎప్పుడూ కదలనిది ఒకటి ఉండాలి, కిలోమీటరు రాయి అయితే మంచిది. నిలబడ్డ చోట రాయి మీద పెయింటుతో ఒక గుర్తు పెట్టండి, మీ తర్వాత వచ్చేవాడికి పనికొస్తుంది. జూమ్ చెయ్యొద్దు. వాట్సప్‌లో పంపితే ఫోటోతో పాటు ఉండే తేదీ, చోటు వివరాలు ఎగిరిపోతాయి, ఒరిజినల్ ఫైలే పంపండి. ఫైలు పేరులో ఊరు, తేదీ, ఏ దిక్కుకు తిరిగి తీశారో రాయండి. 'ఐఎంజీ 2043' అని మాత్రం పంపకండి, దండం పెడతా.